కాలిన హెడ్‌లైట్ కప్లర్ మార్చడం ఎలా?

పోయిన వానాకాలంలో ఒక రాత్రి కోకాపేట నుంచి నార్సింగి వైపు సర్వీస్ రోడ్డులో వెళ్తుంటే నా కారు ఎడమ హెడ్‌లైట్ ఆరిపోయింది. టైరు గుంతలో పడగానే వెలిగింది, ఇంకో గుంతకు మళ్లీ ఆరింది. ఒంటి లైటుతో వచ్చే కారును చీకట్లో ఎదుటివాళ్లు బైకనుకుంటారు. టిప్పర్లు తిరిగే ఆ రోడ్డులో అలా పొరబడితే ప్రాణాల మీదికి వస్తుంది. ఇల్లు చేరి సెల్లార్‌లో బానెట్ ఎత్తితే ప్లాస్టిక్ మాడిన వాసన గుప్పుమంది. బల్బు బాగానే ఉంది. దాని వెనక తగిలించే మూడు పిన్నుల కప్లర్ మాత్రం ఒక మూల గోధుమరంగుకు తిరిగి, కరిగి, పిన్ను చుట్టూ ముద్దకట్టింది.

దీన్ని మనమే మార్చుకోవచ్చు. తొలిసారి చేసేవారికి గంటన్నర పడుతుంది. అయితే ఎందుకు కాలిందో తెలుసుకోకుండా మారిస్తే కొత్తదీ కాలుతుంది, కాబట్టి ముందు ఆ సంగతి చూద్దాం.

చాలా చిన్న కార్లలో ఉండే హెచ్4 బల్బు 60/55 వాట్లది. డిమ్‌లో 55 వాట్లంటే 12 వోల్టుల దగ్గర సుమారు 4.6 ఆంపియర్లు. పిన్ను పట్టు వదులై అక్కడ 0.1 ఓమ్ నిరోధం చేరినా, గోరంత చోట రెండు వాట్ల వేడి పుడుతుంది. వెలుగు చాలడం లేదని నేను ఏడాది కిందట 100/90 బల్బులు వేయించుకున్నాను. బ్రైట్ వేస్తే వాటికి 8 ఆంపియర్లు దాటుతుంది, అదే పిన్ను దగ్గర వేడి ఏడు వాట్లకు చేరుతుంది. దానికి తోడు మా రోడ్లు. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ భూముల వేలంలో ఎకరం ధర వంద కోట్లు దాటింది. ఆ స్థలాల్లో లేస్తున్న టవర్ల పనులకు మట్టి లారీలు తిరుగుతూనే ఉన్నాయి. కుదుపులకు పిన్నులు వదులవుతాయి, దుమ్ము తడిని పట్టుకుని తుప్పు తెస్తుంది.

ఒక హెచ్చరిక. పసుపు రంగు కప్లర్లు ఎయిర్‌బ్యాగులవి. ఎలక్ట్రిక్, హైబ్రిడ్ కార్లలో నారింజ రంగు కేబుళ్లు ప్రాణాంతకమైన హై వోల్టేజీవి. ఈ రెండింటినీ ఇంట్లో ముట్టుకోవద్దు.

సామాను కోసం ఆటో విడిభాగాల దుకాణాలుండే రాణిగంజ్‌కో పుత్లీబౌలికో వెళ్తే వెతుకులాట తగ్గుతుంది. నేను ఫోన్‌లో ఫొటో చూపిస్తే కౌంటర్ మీది కుర్రాడు తల అడ్డంగా ఊపాడు. "ఫొటోతోని కాదన్నా, పాత ముక్క పట్కరా" అన్నాడు. ఆ మాట నిజం. మూడు పిన్నులున్నవన్నీ ఒకటే కావు. మీరు మాత్రం ముందే బల్బు నుంచి కప్లర్ ఊడదీసి దగ్గరగా ఫొటోలు తీయండి, తర్వాత ఒక్కో వైరుకు ఒక్కో నంబరు చీటీ అంటించండి. కత్తెర పెట్టేది ఆ తర్వాతే. కొత్త కప్లర్ (హోల్డర్ అని కూడా అంటారు) సిరామిక్‌ది తీసుకుంటే వేడికి కరగదు. దాని వైర్లు కారు వైర్ల కంటే సన్నగా ఉంటే వద్దనండి. వాటితో పాటు రెండు వైర్లను కలిపే చిన్న గొట్టాలు (బట్ కనెక్టర్ అంటే ఇస్తారు), లోపల జిగురు ఉన్న హీట్ ష్రింక్ స్లీవ్, క్రింపింగ్ ప్లయర్, క్లాత్ టేప్ కావాలి.

ఇక పని. కత్తెర పట్టే ముందే కీ తీసేసి, ఇంజిన్, బల్బు చల్లారనిచ్చి, బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పి పక్కకు పెట్టండి. ముందు పాజిటివ్ విప్పబోతే స్పానర్ బాడీకి తగిలి నిప్పులు లేస్తాయి. గడియారం, స్టీరియో సెట్టింగులు పోవచ్చు, కంగారు పడకండి.

మూడు వైర్లనూ ఒకే చోట కోయకండి. ఒక్కోదాన్ని రెండు మూడు సెంటీమీటర్ల తేడాతో కోస్తే, అతుకులు పక్కపక్కన పడి ఉండలా ఉబ్బవు. పొర ఎనిమిది మిల్లీమీటర్లు ఒలిచి రాగిని చూడండి. నల్లబడినా పచ్చబడినా ఇంకాస్త వెనక్కి కోయండి, మెరిసే తీగ కనిపించేదాకా. నాకు ఒక వైరు నాలుగు సెంటీమీటర్ల మేర నల్లగానే వచ్చింది. వైరు పొట్టిదైతే అదే మందం ముక్కతో పొడిగించుకోవాలి.

తొలిసారి చేసేవారు తడబడేది రంగుల దగ్గరే. కొత్త హోల్డర్ వైర్ల రంగులకూ కారు వైర్ల రంగులకూ పొంతన ఉండదు. పాత కప్లర్‌లో ఏ పిన్నుకు ఏ వైరు వచ్చిందో ఫొటోలో చూసి, కొత్తదానిలో అదే స్థానానికి కలపండి. స్లీవ్ ముక్కను వైరుకు ముందే తొడిగి పక్కకు జరపాలి, ఇది మరిస్తే అతుకు మళ్లీ కోయాల్సిందే. రెండు వైపుల నుంచీ తీగను గొట్టంలోకి దూర్చి, ప్లయర్‌తో గట్టిగా నొక్కి, లాగి చూడండి. జారితే అక్కడే తీసి మళ్లీ చేయండి. తర్వాత స్లీవ్‌ను అతుకు మీదికి తెచ్చి హీట్ గన్‌తో వేడిచేస్తే బిగుసుకుని అంచుల్లో జిగురు పూసలా బయటికి వస్తుంది. లైటర్ మంటతో చేసేవాళ్లున్నారు, బానెట్ కింద నేను వద్దంటాను.

వైర్లు మెలిపెట్టి నల్ల టేపు చుట్టడం మన దగ్గర అలవాటు. ఎండాకాలం ఇంజిన్ వేడికి ఆ టేపు జిగురు కారిపోతుంది, మెలిక వదులవుతుంది, మళ్లీ అదే వాసన. సోల్డరింగ్ మంచిదే కానీ, సీసం పాకిన చోట తీగ బిరుసెక్కి కుదుపులకు ఆ అంచున విరుగుతుంది. అందుకే నా ఓటు క్రింపింగ్‌కే.

అతుకుల మీద క్లాత్ టేప్ చుట్టి, రేడియేటర్ ఫ్యాన్‌కూ వేడి పైపులకూ దూరంగా కట్టి, నెగెటివ్ వైరు బిగించండి. గోడకెదురుగా కారు పెట్టి డిమ్, బ్రైట్ వేసి చూడండి. తారుమారైతే పిన్నులు మారినట్టే. మల్టీమీటర్ ఉంటే లైటు వెలుగుతుండగా రెండు హోల్డర్ల వెనక వోల్టేజీ చూడండి, రెండు వైపులా దాదాపు ఒకటే అంకె రావాలి.

నాకు రాలేదు. ఈసారి తక్కువ చూపించింది కుడివైపు. ఊడదీసి చూస్తే ఆ కప్లర్‌లోనూ అదే మూల గోధుమరంగు మొదలైంది. మర్నాడు ఇంకో హోల్డరూ, రెండు 60/55 బల్బులూ తెచ్చాను.