గట్టెక్కినాకనే రాయి బిడ్డా



'అమెరికన్ గాడ్స్' నవల మీద నువ్వు రాస్తున్న థీసిస్ మొదటి అధ్యాయం అందింది. మీ పెద్దనాయన ఆసాంతం చదివాడు. మన ఇంట్లో ఇంత చదువు చదివిన పిల్ల ఇంకొకతె లేదు, ఆ సంతోషం అట్లాగే ఉంది. దిగులంతా నాలుగో పేజీ దగ్గర పట్టుకుంది. జనం మరిచిపోతే దేవుళ్లు చచ్చిపోతారన్న నవల సూత్రానికి ఉదాహరణ కావాలని, మన పెద్దగట్టు లింగమంతుల స్వామిని కనుమరుగవుతున్న గ్రామదేవుడని రాసేశావు. చివ్వెంల మండలంలో పుట్టిన పిల్ల రాయాల్సిన మాటేనా అది? హాస్టల్లో వేళకు తింటున్నావో లేదో, ముందు ఆ సంగతి ఫోన్ చేసి మీ పెద్దమ్మకు చెప్పు.

నవల మంచిదే. నీల్ గైమన్ రాసిన ఆ పుస్తకం 2001లో వచ్చింది, హ్యూగో, నెబ్యులా బహుమతులు రెండూ అందుకుంది. వలసజనం వెంట అమెరికా చేరిన పాత దేవుళ్లు అక్కడ పూజలందక చితికిపోయి పొట్టకూటికి తిప్పలు పడతారు. ఓడిన్ వెన్స్‌డే పేరు పెట్టుకుని జనాన్ని మోసం చేస్తూ తిరుగుతాడు. ఈజిప్టు దేవతలు ఇల్లినాయ్‌లోని కైరో ఊళ్లో శవాలకు అంత్యక్రియలు చేసే దుకాణం నడుపుకుంటారు. మన కాళికమ్మ కూడా మామాజీగా కనబడుతుంది. టీవీ, ఇంటర్నెట్ కొత్త దేవుళ్లై వీళ్ల మీదికి యుద్ధానికి వస్తారు. ఇదంతా చక్కగా రాశావు.

కానీ ఆ దేవుళ్లు కూడేది ఎక్కడో రాయలేదు. ప్రయాణాల్లో జనం బండ్లు ఆపి చూసిపోయే రోడ్డు పక్క వింత స్థలాలే అమెరికాలో మహిమ గల చోట్లంటాడు రచయిత. వాళ్లు కూడే విస్కాన్సిన్‌లోని హౌస్ ఆన్ ద రాక్ అట్లాంటిదే. మన దురాజ్‌పల్లి పెద్దగట్టు ఉన్నదీ 65వ నంబరు జాతీయ రహదారి పక్కనే గదా! రెండేండ్లకోసారి మాఘమాసంలో ఐదు రోజుల జాతర. 2025లో ఫిబ్రవరి 16 నుంచి 20 దాకా జరిగింది. ఆ రోజుల్లో హైదరాబాద్ నుంచి విజయవాడ పోయే బండ్లను నార్కట్‌పల్లి దగ్గరే మళ్లించి నల్లగొండ, మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ మీదుగా పంపుతారు. అంత పెద్ద రహదారిని పక్కకు జరిపే దేవుడు కనుమరుగెట్లా అవుతాడు?

అసలు సంగతి దేవరపెట్టె దగ్గరుంది. దేవతామూర్తులున్న ఆ పెట్టె కేసారం నుంచి ఊరేగింపుగా వస్తుంది. మకరతోరణం సూర్యాపేట గొల్లబజారు నుంచి రావాలి, ఇంకెక్కడినుంచి వచ్చినా చెల్లదు. గంపల ప్రదక్షిణకొక రోజు, బోనాలకొక రోజు, చంద్రపట్నం ముగ్గుకొక రోజు, నెలవారానికొక రోజు. స్వామికి శాకాహార నైవేద్యం, చెల్లెలు చౌడమ్మకు యాటల బలి. పెట్టె ఎవరు ఎత్తాలి, పట్నం ఎవరు వెయ్యాలి, కథ ఎవరు చెప్పాలి, అన్నిటికీ హక్కుదారులున్నారు. హక్కు తప్పితే తగాదాలవుతాయి. గైమన్ దేవుళ్లకు భక్తులే ఉంటారు, పనివాళ్లుండరు. అందుకే వాళ్లు అంత తొందరగా దిక్కులేనివాళ్లయ్యారని పెద్దనాయనకు అనిపిస్తుంది. నమ్మకమనే ఒక్క మాటతో సరిపెట్టకు తల్లీ. పెట్టె సంగతి రాయి. నీ థీసిస్‌లో పెట్టెకు ఒక అధ్యాయమే ఇవ్వొచ్చు. మీ గైడు కాదంటే పెద్దనాయన వచ్చి మాట్లాడతాడు.

పడుచుతనంలో పెద్దనాయన, మీ నాయన ఎడ్లబండి మీద గట్టుకు పోయేవాళ్లు. గజ్జెల లాగు తొడుక్కున్న మా మేనమామ బండి వెనకనే ఎగురుకుంటూ వచ్చేవాడు. ఒకసారి తోలుపట్టీ నుంచి గజ్జెలు నాలుగు ఊడిపోతే, దారి పక్కన కూర్చుని లాంతరు వెలుగులో దబ్బనంతో కుట్టుకున్నాడు. అవి కుట్టిందాకా బండి కదలనివ్వలేదు. మీ నాయన అప్పటికే నిద్రపోయాడు, అచ్చం నీలాగే నోరు తెరుచుకుని.

ఆ రోజుల్లోనే సూర్యాపేట లైబ్రరీలో విశ్వనాథ సత్యనారాయణ 'హాహాహూహూ' దొరికింది. గుర్రపు ముఖం గంధర్వుడొకడు రెక్క దెబ్బతిని లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో పడతాడు. వాడు మాట్లాడేది సంస్కృతం. బోనులో పెట్టి, వాడేమిటో తేల్చలేక అక్కడి పండితులూ శాస్త్రవేత్తలూ తలలు పట్టుకుంటారు. విశ్వనాథ పోయింది 1976లో, అంటే గైమన్ నవలకు ఎన్నో ఏండ్ల ముందటి పుస్తకమిది. అయితే ఈ గంధర్వుడు లండన్ జనం నమ్మకం మీద బతికేవాడు కాదు. వాళ్లు నమ్మకపోయినా వాడికి తరిగేదేమీ లేదు. నీ థీసిస్‌కు ఎదురుగా నిలబెట్టాల్సిన పుస్తకం ఇదే, నువ్వు పేరైనా ఎత్తలేదు. వెల్చేరు నారాయణరావు ఇంగ్లీషులోకి తెచ్చారు, మీ గైడుకు అది ఇవ్వు. నువ్వు మాత్రం తెలుగులోనే చదవాలి.

వచ్చే జాతర 2027 మాఘంలో. అప్పటిదాకా థీసిస్ ఆగదు, తెలుసు. సంక్రాంతి సెలవుల్లో రా, కేసారంలో పెద్దమనుషులను కూర్చోబెట్టి అడుగుదాం. పెట్టె ఏ ఇంట్లో ఉంటుంది, జాతర లేని ఏడాది దానికి దీపం ఎవరు పెడతారు, ఆ హక్కు కొడుకులకు ఎట్లా పంచారు, ఈ మూడూ తప్పకుండా రాసుకోవాలి. కోదాడ బస్సెక్కు, దురాజ్‌పల్లి స్టేజీలో పెద్దనాయన ఉంటాడు. చార్జీలకు డబ్బులు పంపుతున్నాడు, మొహమాటపడకు. నాలుగో పేజీ మాత్రం అప్పటిదాకా ఎవరికీ ఇవ్వకు.

మీ పెద్దనాయన
చివ్వెంల