ఇంటి వంటలో నూనె, నెయ్యి : మార్పు ఎట్లు ప్రారంభింపవలెను?

గ్రామపంచాయతీ సభ్యులు రోడ్లను గూర్చి, మంచినీటిని గూర్చి, వీధిదీపములను గూర్చి తరచుగా చర్చించుచుందురు. వంటయింటిలోని నూనెడబ్బాను గూర్చి చర్చించు సందర్భము అరుదు. కాని గుండెజబ్బు, రక్తపుపోటు, మధుమేహము నేడు పట్టణములకే పరిమితమై లేవు. గ్రామములందును నడివయసువారు వీటికి లోనగుచున్నారు. సంపాదించు మనిషి మంచము పట్టినచో ఆ కుటుంబము అప్పులపాలగును. ఈ వ్యాధులకు కారణములు అనేకము. వానిలో మన చేతిలో నున్నది ఒకటి కలదు. అది మనము తిను క్రొవ్వు ఎట్టిది, ఎంత యను విషయము.

ఒక యింటి అనుభవము

గుంటూరు జిల్లాలోని ఒక గ్రామమునకు మేము పోయినపుడు ఒక పంచాయతీ సభ్యుని యింట భోజనము చేసితిమి. ఆయనకు కొలది నెలల క్రితము గుండెనొప్పి వచ్చి తగ్గినది. నూనె, నెయ్యి తగ్గింపవలెనని డాక్టరుగారు చెప్పిరి. ఇల్లాలు మరునాటినుండియే నెయ్యి మానిపించి, చప్పిడి కూరలు వండిపెట్టినది. అత్తగారు అలిగిరి. పిల్లలు కంచములు త్రోసివేసిరి. ఆయన బజారులో బజ్జీలు తిని ఇంటికి రాసాగిరి. అయిదవనాటికి పాత వంటయే మరల మొదలైనది. “మా తాతగారు అన్నములో గరిటెడు నెయ్యి పోసికొని తొంబదియేండ్లు బ్రతికిరండి” అని ఆయన మాతో వాదించిరి.

ఈ మాటను త్రోసివేయుట తగదు. కాని ఆ తాతగారు ప్రొద్దు పొడిచినది మొదలు నాగలి పట్టిన మనిషి. ఇంటి పాడి ఎంత యిచ్చునో అంతయే నెయ్యి. నూనెను గానుగవాని వద్ద గిద్దెలతో కొలిచి తెచ్చుకొనెడివారు. పిండివంటలు పండుగలకే. నేడు దుక్కి ట్రాక్టరుతో, రాకపోకలు మోటారుసైకిలుపై సాగుచున్నవి. నూనె మాత్రము ప్యాకెట్టు కత్తిరించి నేరుగా మూకుడులో పోయుచున్నాము. శ్రమ తగ్గినది, కొలత పోయినది. తాతగారి తిండిని అనుసరింపదలచువారు ఆయన కొలతను కూడ అనుసరింపవలెను.

ఏ క్రొవ్వు ఎట్టిది?

క్రొవ్వు శరీరమునకు అవసరమే. ఎ, డి మొదలగు విటమినులు ఒంటబట్టుటకు అది కావలెను. ముఖ్యముగా పసిపిల్లలకు దానిని మానిపింపరాదు. అయితే ఒక గ్రాము పిండిపదార్థము 4 కేలరీల నిచ్చుచుండగా, ఒక గ్రాము క్రొవ్వు 9 కేలరీల నిచ్చును. కావున ఏ నూనె యైనను మితిమీరిన కీడే.

చెడు కొలెస్టరాలును పెంచునది సంతృప్త క్రొవ్వు. నేతిలో ఇది సగమునకు మించి యుండును. కొబ్బరినూనెలో 90 శాతము వరకు, పామాయిలులో దాదాపు సగము ఉండును. వేరుశనగ, నువ్వుల, ప్రొద్దుతిరుగుడు, తవుడు నూనెలలో ఇది నాలుగవ వంతునకు మించదు. ఒకే నూనెకు అంటిపెట్టుకొనక వీనిని మార్చి మార్చి వాడుట మంచిది. పామాయిలు చౌక యగుటచే వాడుకొను పేదకుటుంబములు, వీలైనపుడు కొంత వేరుశనగనూనెయో తవుడునూనెయో కొనుట మేలు.

నూనెలోనికి హైడ్రోజను పంపి గడ్డకట్టించిన వనస్పతిని మనవారు డాల్డా యందురు. ఆ పేరుగల సరుకు మన దేశమున 1937లో అమ్మకమునకు వచ్చినది. ఆ విధముగా గడ్డకట్టించునపుడు ట్రాన్స్ క్రొవ్వు పుట్టును. ఇది చెడు కొలెస్టరాలును పెంచి, మంచిదానిని తగ్గించును. 2022 జనవరి నుండి నూనెలలోను, వనస్పతిలోను ఇది 2 శాతమునకు మించరాదని ప్రభుత్వ నిబంధన కలదు. అయినను వనస్పతిలో సంతృప్త క్రొవ్వు విశేషముగనే యుండును. నేతికి బదులు వనస్పతిని వాడుట మేలైన మార్పు కాదు.

నెలకొక మార్పు

ఆ యింటివారికి మేము చెప్పినది ఇంతే: అన్నిటిని ఒకేసారి మార్చవద్దు.

మొదటి నెలలో వనస్పతిని మానవలెను. ఒకసారి వేపుటకు కాచిన నూనెలో మరల మరల వేపరాదు. దానిలో క్రొత్తనూనె కలుపరాదు. మిగిలిన నూనెను వడగట్టి, ఒకటి రెండు దినములలో పోపులకు వాడి ముగింపవలెను. నల్లబడినది, నురుగు వచ్చునది, పొగలు చిమ్మునది పారవేయవలెను. ఈ మార్పు భోజనమునకు కూర్చున్న వారి నాలుకకు తెలియనే తెలియదు.

రెండవ నెలలో కొలత. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహారసూత్రముల ప్రకారము, దినమునకు 2000 కేలరీలు కావలసిన మనిషికి నూనె, నెయ్యి కలిసి 27 గ్రాములు చాలును. నలుగురికి నెలకు 3 కిలోల 240 గ్రాములగును. లీటరు ప్యాకెట్టులో నూనె సుమారు 910 గ్రాములు తూగును. అనగా మూడు ప్యాకెట్ల నూనె, అరకిలో నెయ్యి. దినమంతయు కాయకష్టము చేయువారికి కొంత హెచ్చుగా కావలెను. నెల మొదట ఈ సరుకును వేరుగా నుంచి, చెంచాతో కొలిచి వాడినచో ఎక్కడ జారిపోవుచున్నదో తెలియును. ఊరగాయపై తేలు నూనెయు లెక్కలోనిదే.

మూడవ నెలలో వంటతీరు. వంకాయ, బెండ, దొండ కూరలను మూతపెట్టి మగ్గించి, చివర కొద్ది నూనెతో వేపినచో రుచి తగ్గదు. దోసెకు ఉల్లిచెక్కతో పెనముపై నూనె రాచిన చాలును. పూరీలకు బదులు ఇడ్డెనలు, కుడుములు చేయవచ్చును. అవిసెగింజల పొడి, నువ్వుల పొడి అన్నములో కలుపుకొన్నచో కమ్మదనముతోబాటు మంచి క్రొవ్వును లభించును.

పప్పులోని నేతిని పూర్తిగా తీసివేయవద్దని కూడ చెప్పితిమి. మొదటి ముద్దకు ఒక చిన్న చెంచా నెయ్యి ఉన్నంతకాలము పెద్దలు మిగిలిన మార్పులకు అడ్డుచెప్పరు. గుండెజబ్బు వచ్చినవారు మాత్రము ఈ విషయమున డాక్టరుగారి మాటనే పాటింపవలెను.

ఆరునెలల పిమ్మట మేము మరల పోయినపుడు ఆ యింట చెంచా కొలత నిలిచియున్నది. “ఇప్పుడు కొలిచి పోయువాడను నేనే” అని ఆయన నవ్వుచు చెప్పిరి. మార్పు నిలుచుటకు ఇదియే ముఖ్యకారణమని మా అభిప్రాయము. అంతకు ముందు వంటచేయు ఇల్లాలు ఒంటరిగా అందరితోను పోరాడినది.

పంచాయతీ చేయదగిన పని

బజ్జీల బండివారికి నూనెను మాటిమాటికి కాచుటలోని కీడును నచ్చజెప్పవలెను. వారు చిన్న వ్యాపారులు. బెదరింపుకంటె బోధ మేలు. వంటనూనెను ప్యాకెట్టులలోనే అమ్మవలెనని ఆహారభద్రతా నిబంధనలు చెప్పుచున్నవి. విడినూనె అమ్ము దుకాణదారులకు ఈ సంగతి తెలుపవలెను. బడిలో, అంగన్వాడీలో పిల్లల భోజనమునకు ఏ నూనె వాడుచున్నారో సభ్యులు స్వయముగా చూడవలెను. పంచాయతీ సమావేశములలో బజ్జీలకు బదులు ఉడికించిన వేరుశనగకాయలు, శనగ గుగ్గిళ్ళు పెట్టవచ్చును.

అన్నిటికంటె ముందు సభ్యుడు తన యింటి నూనెడబ్బాను చూచుకొనవలెను. నెలకు ఎంత నూనె, ఎంత నెయ్యి ఖర్చగుచున్నదో ఇల్లాలితో కూర్చుండి లెక్కవేయవలెను. తన యింట అమలుజరిగిన మార్పును గ్రామసభలో చెప్పినపుడే పదిమంది విందురు.