భారత పటాలు: డేటమ్‌లు, ప్రక్షేపాలు

జీపీఎస్ చూపిన అక్షాంశ, రేఖాంశాలను పాత టోపోషీట్‌పై నేరుగా గుర్తిస్తే బిందువు సరైన చోట పడదు. రెండింటి డేటమ్‌లు (స్థానాలను కొలిచే ఆధార చట్రాలు) వేరు కావడమే కారణం. పరీక్షల్లో తికమక పెట్టే అంశమిది.

● సర్వే ఆఫ్ ఇండియా: స్థాపన 1767, ప్రధాన కార్యాలయం డెహ్రాడూన్.
● మహా త్రికోణమితీయ సర్వే: 1802లో మద్రాసు వద్ద విలియం లాంబ్టన్ ప్రారంభించారు, తర్వాత జార్జ్ ఎవరెస్ట్ కొనసాగించారు.
● పాత డేటమ్: ఎవరెస్ట్ గోళాభం (1830), మూలబిందువు మధ్యప్రదేశ్‌లోని కల్యాణ్‌పూర్.
● పాత టోపోషీట్ల ప్రక్షేపం: పాలీకోనిక్ (బహుశంఖు).
● జాతీయ పట విధానం, 2005: ప్రజల వినియోగానికి ఓపెన్ సిరీస్ మ్యాపులు. డేటమ్ జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్-84, ప్రక్షేపం యూటీఎం (యూనివర్సల్ ట్రాన్స్‌వర్స్ మెర్కేటర్).
● ఎత్తులకు ఆధారం: సగటు సముద్ర మట్టం.

గుర్తుంచుకోండి: యూటీఎంలో ప్రపంచం 60 జోన్లు; ఒక్కో జోన్ వెడల్పు 6 డిగ్రీల రేఖాంశం. 78°–84° తూర్పు మధ్య ఉన్నది 44వ జోన్. హైదరాబాద్, విజయవాడ, విశాఖ ఇందులోవే. అనంతపురం 43లో, ఇచ్ఛాపురం 45లో ఉన్నాయి. అంటే ఆంధ్రప్రదేశ్ మూడు జోన్లలో విస్తరించింది.

మాదిరి ప్రశ్న: ఓపెన్ సిరీస్ మ్యాపుల ప్రక్షేపం ఏది?
జవాబు: యూటీఎం