అద్దెలో కలిసిపోయిన కరెంటు

బరంపురంలో ఒక కాలేజీ హాస్టల్‌కి సూపరింటెండెంటుగా పనిచేసి రిటైరయ్యాను. ఒడియా పిల్లలతో పాటు ఇచ్ఛాపురం, సోంపేట, పర్లాకిమిడి, రాయగడ నుంచి వచ్చిన తెలుగు పిల్లలూ నా దగ్గర ఉండేవారు. ఇవాళ భంజవిహార్‌లోనో, మెడికల్ కాలేజీలోనో, లౌడిగాం ఐసర్‌లోనో హాస్టల్ గదిలో కూర్చుని చదువుకుంటున్న మీకు కరెంటు పొదుపు చెయ్యమని చెప్పేవాళ్ళకు కొదవ లేదు. నేనూ అదే చెప్పేవాణ్ణి. పిల్లల్ని మార్చాలని చాలాకాలం తంటాలు పడ్డాక గానీ, మార్చవలసింది వేరే ఉందని తెలియలేదు.

1. తన జేబులోంచి పోని డబ్బు ఎవరికీ బరువనిపించదు.

ఇంట్లో ఖాళీ గదిలో లైటు వెలుగుతుంటే "ఎవడబ్బ సొమ్మురా?" అని నాన్న కేకేస్తాడు. హాస్టల్లో ఆ కేక ఉండదు. కరెంటు ఖర్చు గది అద్దెలోనే కలిసిపోయింది. ఫ్యాను రోజంతా తిరిగినా అంతే, తిరక్కపోయినా అంతే. ఇంట్లో చెల్లెలి వెనకాలే తిరిగి స్విచ్చులు ఆపే కుర్రాడు ఇక్కడ తడి చొక్కా ఆరడానికి ఫ్యాను వేసి క్లాసుకి వెళ్ళిపోయేవాడు. వాణ్ణి బాధ్యత లేనివాడని తిట్టాను. కుర్రాడు అదే కుర్రాడు, మారింది లెక్క. ఈ సంగతి నాకు తోచేసరికి ఎన్నో బ్యాచ్‌లు దాటిపోయాయి.

2. సోదా చేస్తే రాడ్డు దాక్కుంటుంది, మీటరు తిరుగుతూనే ఉంటుంది.

మన ఊరి చలి ఏపాటి! అయినా డిసెంబరు పరీక్షలప్పుడు తెల్లవారుజామున చన్నీళ్ళు పోసుకోమంటే ఎవరికైనా కష్టమే. గదికో బకెట్టు, అందులో హీటరు రాడ్డు. 1500 వాట్ల రాడ్డుతో బకెట్టు నీళ్ళు వెచ్చబడటానికి పావుగంట చాలు. రాడ్డు పెట్టి, పళ్ళు తోముకుని, పేపరు తిరగేసి, కబుర్లు ముగించుకుని వచ్చేసరికి నీళ్ళు మరిగిపోయి ఉంటాయి, మళ్ళీ చన్నీళ్ళు కలుపుకోవాలి. నేను చీకటితోనే వాచ్‌మన్‌ను వెంటేసుకుని సోదాకి బయల్దేరేవాణ్ణి. దొరికిన రాడ్డు స్వాధీనం, పైన జరిమానా. ఒకరోజు నా చెప్పుల చప్పుడు విని ఓ కుర్రాడు కాలుతున్న రాడ్డును లాగి పరుపు కిందకి తోసేశాడు. పరుపు అంటుకుంది. ఆర్పబోయి వాడి అరచెయ్యి బొబ్బలెక్కింది. బర్నాల్ రాస్తూ కూడా తిట్టాను. మేడ మీది సోలార్ హీటరు పైపు పగిలి రెండు చలికాలాలుగా బాగుచేయించలేదన్న మాట మాత్రం ఆ తిట్లలో లేదు. బాగుచేయించవలసినవాణ్ణి నేనే కదా.

3. పాడైంది బాగుచేయించనివాడు పొదుపు గురించి ఉపన్యసించకూడదు.

ఆ తర్వాతే ఎలక్ట్రీషియన్‌ను తీసుకుని గదిగదీ తిరిగాను, ఈసారి సోదాకి కాదు. చాలా గదుల్లో ఫ్యాను రెగ్యులేటరు ఊడిపోయి, వైర్లు డైరెక్టుగా కలిపేసి ఉన్నాయి. వేస్తే ఫుల్ స్పీడు, లేకపోతే లేదు. జనవరి రాత్రి దోమల బాధకి ఫ్యాను వేసుకుని, ఆ గాలికి తట్టుకోలేక దుప్పటి ముసుగేసి పడుకునేవాళ్ళు. మిగిలిన గదుల్లో పాత డబ్బా రెగ్యులేటర్లు. వాటిని రెండు మీద పెడితే ఫ్యాను నెమ్మదిస్తుందే గానీ, మిగలవలసిన కరెంటులో చాలా భాగం రెగ్యులేటర్లోనే వేడిగా పోతుంది. మీద చెయ్యి వేస్తే చురుక్కుమనేది. కిటికీల సంగతి మరీ అన్యాయం. గోపాల్‌పూర్ సముద్రం ఇంత దగ్గర, సాయంత్రమైతే గాలి ఊరికే వస్తుంది. కోతులొస్తున్నాయని ఎప్పుడో ఎవరో కిటికీ తలుపులకు మేకులు కొట్టేశారు. గాలి లేదని ఫ్యాను, వెలుతురు లేదని పట్టపగలు ట్యూబులైటు. ఇందులో పిల్లల తప్పేముంది?

ఇక లెక్క చూడండి. పాత ఫ్యాను 75 వాట్లు, ఇప్పటి బీఎల్‌డీసీ ఫ్యాను ఇంచుమించు 30 వాట్లు. వంద ఫ్యాన్లున్న హాస్టల్లో రాత్రి ఎనిమిది గంటలకు తేడా 36 యూనిట్లు. ఒక్క రాత్రికే! 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకు స్టార్ లేబుల్ తప్పనిసరి అయింది కాబట్టి, కొనే అధికారికి ఏది మంచిదో తెలియలేదన్న సాకు కూడా లేదు.

4. నీళ్ళు పొంగితే పొంగేది కరెంటే.

వాచ్‌మన్ మోటారు వేసి టీకి వెళ్తాడు. ట్యాంకు నిండి గోడ పొడుగునా నీళ్ళు కారుతుంటాయి, ఆ గోడకి ఏడాది పొడుగునా పాచి. ఐదు హార్స్‌పవర్ మోటారు గంట తిరిగితే దగ్గర దగ్గర నాలుగు యూనిట్లు. ట్యాంకులో ఫ్లోట్ స్విచ్చి పెడితే తీరిపోయేది.

5. దుప్పటి కప్పుకోవలసి వస్తే ఏసీ ఎక్కువైనట్టే.

నా రోజుల్లో హాస్టల్ గదికి ఏసీ లేదు కనుక ఒక్క మాటతో సరిపెడతాను. ఒక డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెబుతోంది. 24 మీద పెట్టి, ఫ్యాను నెమ్మదిగా వేసుకోండి.

6. కంటికి కనబడేదాన్నే మనిషి పొదుపు చేస్తాడు.

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. గంజాం జిల్లా అంతటా స్తంభాలు విరిగిపడి, రోజుల తరబడి కరెంటు లేదు. హాస్టల్‌కి ఒక చిన్న జనరేటరు, ఒక డబ్బా డీజిలు. సాయంత్రం ఎంతసేపు నడపాలి, ఎవరి ఫోను ముందు చార్జి పెట్టాలి, ఊరి నుంచి కబురు అందనివాళ్ళకు మొదటి వంతు ఎలా ఇవ్వాలి, అన్నీ పిల్లలే కూర్చుని తేల్చుకున్నారు. నన్ను అడగనైనా లేదు. వీళ్ళు మారిపోయారని పొంగిపోయాను. కరెంటు వచ్చిన వారానికే వరండాల్లో పగటి లైట్లు మామూలే. నా మనసు చివుక్కుమంది. అందర్నీ పిలిచి ఉపన్యాసం దంచాను. ఇప్పుడు ఆలోచిస్తే తెలుస్తోంది: డబ్బాలో డీజిలు ఎంత మిగిలిందో వాళ్ళకు కళ్ళెదుట కనబడేది. తాల్చేరులో కాలే బొగ్గు, మాచ్‌ఖండ్‌లో దూకే నీళ్ళు గదిలో స్విచ్చి నొక్కేవాడికి కనబడవు.

7. మీటరు తాళం వేసుకుని కూర్చుంటే ఎవరికీ ఏమీ నేర్పదు.

ఈ పాఠం నాకు పిల్లల్లోనే ఒకడు నేర్పాడు. "మాస్టారూ, మీటరు గది తాళం ఇప్పించండి, రీడింగు మేం రాసుకుంటాం" అన్నాడు. అంతస్తుకో సబ్‌మీటరు అప్పటికే ఉంది, చూసినవాడే లేడు. ప్రతి ఆదివారం మెస్ గుమ్మం పక్కన బోర్డు మీద సుద్దముక్కతో అంతస్తులవారీగా యూనిట్లు రాసేవాడు. పై అంతస్తువాళ్ళు కింది అంతస్తువాళ్ళను వెక్కిరించడం మొదలెట్టారు. వరండా లైట్లు వాటంతటవే ఆరసాగాయి. అమెరికాలో ఓబర్లిన్ కాలేజీ హాస్టళ్ళలో 2005లో ఇలాంటిదే పెద్ద ఎత్తున చేశారు. వాడకం అంకెలు విద్యార్థుల ముందు పెట్టి రెండు వారాల పోటీ నడిపితే కరెంటు వాడకం 32 శాతం తగ్గింది. మా బోర్డు మాత్రం ఆ కుర్రాడు పాసై వెళ్ళిపోయిన ఏడాదే ఖాళీ అయింది. దాన్ని హాస్టల్ గుమాస్తా పనిగా రాసి ఉంచితే నిలిచేది. ఆ ఒక్క కాగితం నేను రాయలేదు.

అందుకే మీకు చెప్పేది ఇది. అంతస్తుకో సబ్‌మీటరు పెట్టించమని, వారం వారం రీడింగు మెస్ దగ్గర రాయించమని, ఊడిన రెగ్యులేటర్లు బిగించమని ఒక అర్జీ రాసి, అందరూ సంతకాలు పెట్టి మీ సూపరింటెండెంటు గారికి ఇవ్వండి. నాకు ఎవరైనా ఇచ్చి ఉంటే మొదట విసుక్కునేవాణ్ణే. మీవారూ విసుక్కోవచ్చు. అయినా ఇవ్వండి.