చదువు అయిపోయింది, ఇంట్లో మాట్లాడారా?

ఫైనలియర్ ఆఖరి సెమిస్టర్‌కి వచ్చిన పిల్లలు నన్ను ఎక్కువగా అడిగేవి రెండే. ఏ కోర్సు నేర్చుకుంటే ఉద్యోగం వస్తుంది? గ్రూప్స్‌కి చదవాలా, సాఫ్ట్‌వేర్‌కి వెళ్లాలా? జవాబు చెప్పే ముందు నేనూ ఒకటి అడుగుతాను, ఇంట్లో ఏమంటున్నారని. చాలామంది తల దించుకుంటారు. "ఇంకా చెప్పలేదు సార్" అంటారు. నాలుగేళ్లపాటు రోజూ రాత్రి అమ్మతో ఫోన్లో మాట్లాడినవాళ్లే. తిన్నావా, పరీక్షలెప్పుడు అన్న దగ్గరే ఆ మాటలు ఆగిపోయాయి.

కాలేజీ అయిపోయాక వచ్చే మొదటి ఏడాది కష్టమైనది. విద్యార్థి అన్న పేరు పోతుంది, ఉద్యోగి అన్న పేరు ఇంకా రాదు. హాస్టల్ గది ఖాళీ చేయాలి, బస్‌పాస్ రద్దవుతుంది. పెళ్లికో పేరంటానికో వెళ్తే "ఏం చేస్తున్నావురా?" అని ప్రతి ఒక్కరూ అడుగుతారు. ఆ ఏడాది మనిషిని నిలబెట్టేవి ఇంటివాళ్లు, దేవుడి మీదో విలువల మీదో ఉన్న నమ్మకం, హాస్టల్లో కుదిరిన స్నేహాలు. కెరీర్ అనగానే వీటిని పక్కన పెట్టి మాట్లాడటం నాకు నచ్చదు. నిర్ణయాలన్నీ వీటి మధ్యే జరుగుతాయి కాబట్టి.

ముందు ఇంటి సంగతి. పోటీ పరీక్షలకు చదవాలనుకుంటే అది మీ ఒక్కరి నిర్ణయం కాదు. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో ఉండి గ్రూప్స్‌కి చదివినా, నంద్యాలలో బ్యాంకు కోచింగ్‌కి చేరినా, అవనిగడ్డలో డీఎస్సీకి కూర్చున్నా నెలనెలా గది అద్దె, మెస్, పుస్తకాల డబ్బు ఇంటి నుంచే వెళ్లాలి. సివిల్స్‌కి ప్రిలిమ్స్ నుంచి తుది ఫలితాల దాకా దాదాపు ఏడాది పడుతుంది. జనరల్ అభ్యర్థికి 32 ఏళ్ల లోపు ఆరు ప్రయత్నాలు ఉన్నాయన్న మాట నిజమే. ఆ ఆరింటికీ డబ్బు పంపగల ఇల్లు మీకుందా అన్నది వేరే ప్రశ్న. అమ్మానాన్నల దగ్గర కూర్చుని మూడు విషయాలు తేల్చుకోండి. నెలకు ఎంత పంపగలరు, ఎన్నాళ్లు పంపగలరు, రాకపోతే తర్వాత ఏం చేస్తాను. మూడోదే నోటికి రాదు. "శుభమా అని మొదలుపెడుతుంటే ఆ మాటెందుకు" అని అమ్మ కోప్పడుతుంది కూడా. అయినా అడగండి. తర్వాత దారి ముందే అనుకుని ఉంటే, ఫలితాలు తేడా కొట్టినప్పుడు ఇంటికి వెళ్లే ధైర్యం మిగులుతుంది. గేట్ రాసినవాళ్లకు కొంత వెసులుబాటు ఉంది, ఆ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. ఇంట్లో ఆ సంగతి చెప్తే "ఈ ఏడాది పోయింది" అన్న దిగులు కాస్త తగ్గుతుంది.

విద్యాలోను తీసుకున్నవాళ్లు మాట్లాడాల్సింది ఇంకొంచెం ఉంది. మామూలుగా కోర్సు అయ్యాక ఒక ఏడాది వరకు వాయిదాలు మొదలుకావు. అసలు కట్టక్కర్లేదని నిశ్చింతగా ఉంటారు కానీ, ఆ కాలానికీ వడ్డీ లెక్కలో పడుతూనే ఉంటుంది. బ్యాంకుకు వెళ్లి వాయిదా ఏ నెలలో మొదలవుతుందో, నెలకు ఎంతో రాయించుకుని ఇంట్లో చూపించండి. లోను పత్రాల మీద చాలాచోట్ల నాన్న సంతకం కూడా ఉంటుంది.

ఆడపిల్లల విషయంలో ఈ మాట ఇంకా ముందే జరగాలి. ఆఖరి పరీక్ష రాసేలోపే సంబంధాలు చూడటం మొదలుపెట్టే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఈసీఈ చదివిన ఒక అమ్మాయికి క్యాంపస్‌లో ఉద్యోగం వచ్చింది, ఇంట్లో మాత్రం పంపబోమన్నారు. ఆమె గొడవ పడలేదు, అన్నం మానేయలేదు. మేనమామను పిలిపించుకుంది. ఒక తెల్లకాగితం మీద ఆఫీసు ఉన్న చోటు, చేరాల్సిన తేదీ, ఉండబోయే లేడీస్ హాస్టల్ చిరునామా, అక్కడ ఇప్పటికే ఉంటున్న ఇద్దరు సీనియర్ల ఫోన్ నంబర్లు రాసి తండ్రి ముందు పెట్టింది. ఆయన దాన్ని రెండుసార్లు చదివి ఒకటే అడిగాడు: "రాత్రి డ్యూటీ పడితే ఎట్లా వస్తావమ్మా?" కంపెనీ క్యాబ్ హాస్టల్ గుమ్మం దాకా వస్తుందని ఆ కాగితం కిందే రాసి ఉంది. చాలా ఇళ్లలో వద్దు అనడం వెనక ఉండేది భయమే. ఆ భయానికి చిరునామాతో, ఫోన్ నంబరుతో జవాబివ్వవచ్చు.

ఇక భక్తి సంగతి. కాలేజీలో దీని గురించి పైకి మాట్లాడుకోవడం తక్కువ, ఆచరించేది ఎక్కువ. అయ్యప్ప మాల వేసుకున్న కుర్రాడు నలభై ఒక్క రోజులు తెల్లవారక ముందే చన్నీళ్ల స్నానం చేసి, చెప్పుల్లేకుండా ల్యాబ్‌కి వస్తాడు. రంజాన్‌లో సహరీకి లేచిన రూమ్మేట్ మిగతావాళ్ల నిద్ర చెడకుండా సెల్‌ఫోన్ వెలుతురులో తింటాడు. ప్రతి ఆదివారం చర్చిలో సండేస్కూల్ పిల్లలకు పాఠం చెప్పే అమ్మాయి, శనివారం రాత్రి అసైన్‌మెంటు పూర్తి చేసుకునే నిద్రపోతుంది. వీళ్లందరికీ ఇంటర్వ్యూలో "మీ బలాలేమిటి?" అని అడిగితే పుస్తకంలో బట్టీపట్టిన నాలుగు మాటలే వస్తాయి. సమయానికి లేవడం, మాట మీద నిలబడటం, ఇరవై మంది చిన్నపిల్లల్ని గంటసేపు కూర్చోబెట్టడం ఉద్యోగానికి పనికొచ్చే విద్యలని వీళ్లకు ఎవరూ చెప్పలేదు.

వినాయకచవితి మండపం చూడండి. చందాలు వసూలు చేయాలి, రసీదులివ్వాలి, పోలీసు అనుమతి తేవాలి, మైకుసెట్టువాడితో బేరమాడాలి, అన్నదానానికి ఎన్ని కిలోల బియ్యమో లెక్కగట్టాలి, నిమజ్జనానికి ట్రాక్టర్ మాట్లాడాలి, ఆఖర్న జమాఖర్చులు అందరి ముందూ చదవాలి. హాస్టల్లో ఈ బాధ్యత మోసినవాడు బడ్జెట్, బృందం, గడువు అన్న మూడింటినీ చేతులారా చేసినవాడే. రెజ్యూమెలో ఒక వరుసలో రాయండి: ఉత్సవ కమిటీ కోశాధికారిగా ఇంత మొత్తం లెక్కలు చూశాను, ఇంతమందికి భోజనాలు ఏర్పాటు చేశాను అని. మీరు చేసిన అంకెలే రాయండి, పెంచకండి. ఇంటర్వ్యూలో మతం గురించి చెప్పాల్సిన అవసరం లేదు, పని గురించి చెప్పండి.

అమెరికా వెళ్లాలనుకునేవాళ్లకు చిలుకూరు బాలాజీ గుడి గురించి కొత్తగా చెప్పనక్కర్లేదు. కోరిక చెప్పుకుని పదకొండు ప్రదక్షిణలు, తీరాక నూట ఎనిమిది. పాస్‌పోర్టు చేతిలో పట్టుకుని తిరిగే పిల్లల్ని చూస్తే నాకు ముచ్చటేస్తుంది. మొక్కు మనసును నెమ్మది పరుస్తుంది, ఆ నెమ్మది కావాలి. అయితే వీసా ఇంటర్వ్యూలో కాన్సులేట్ కిటికీ ముందు ఉండేది రెండు మూడు నిమిషాలే. ఆ యూనివర్సిటీనే ఎందుకు ఎంచుకున్నావు, ఫీజు ఎవరు కడుతున్నారు అంటే కన్సల్టెన్సీవాళ్లు రాసిచ్చింది అప్పగించకండి. నాన్న ఏం చేస్తారో, లోను ఎంతో మీ మాటల్లో ఇంట్లోవాళ్ల ముందు నాలుగుసార్లు చెప్పి చూడండి. వీసా రాకపోతే "దేవుడు రాసిపెట్టలేదు" అని ఊరుకునేవాళ్లను చూశాను. ఆ మాట ఓదార్పుగా ఉండనివ్వండి. దరఖాస్తులో లోపమేమిటో వెతకడం మాత్రం మానొద్దు.

కాలేజీ వదిలే ముందు కాగితాల పని కూడా ఉంది. ప్రొవిజనల్, కన్సాలిడేటెడ్ మెమో, టీసీ చేతిలో పడే దాకా ఊరికి బయల్దేరకండి. పదో తరగతి మెమో, ఆధార్, పాన్ మూడింటిలో పేరు ఒకేలా ఉందా చూసుకోండి. ఒకచోట ఇంటిపేరు పూర్తిగా, ఇంకోచోట పొడి అక్షరంగా ఉంటే కంపెనీ వెరిఫికేషన్‌లో ఆగిపోతుంది. విద్యాసంస్థలు ఒరిజినల్ సర్టిఫికెట్లను తమ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018లోనే స్పష్టంగా చెప్పింది. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదన్న కారణంతో ఆపితే ఒక్కరే వెళ్లి బతిమాలకండి. నలుగురూ కలిసి రాతపూర్వకంగా అడగండి.

ఉద్యోగం వచ్చిందనుకోండి, ఇంటికి ఫోన్ చేసేటప్పుడు ప్యాకేజీ చెప్పకండి, చేతికొచ్చే జీతం చెప్పండి. ఏడాదికి 3.6 లక్షలంటే నాన్న పన్నెండుతో భాగించి నెలకు 30 వేలు అనుకుంటారు. ఆ 3.6 లక్షల్లో కంపెనీవాళ్లు పీఎఫ్‌లో తమ వాటా, గ్రాట్యుటీ, ఏడాది చివర ఇస్తామన్న బోనస్ కలిపేస్తారు. మీ పీఎఫ్ వాటా కూడా పోయాక ఖాతాలో పడేది అంతకంటే తక్కువ. పల్లెలో ఆ 30 వేలను నమ్ముకుని చెల్లి ఫీజుకు మాటిస్తారు, అమ్మ తిరుపతికి కుటుంబమంతా వస్తామని మొక్కుకుంటుంది. ఆఫర్ లెటర్‌లో జీతం విడివిడిగా రాసిన పేజీ ఉంటుంది. దాన్ని నాన్న పక్కన కూర్చుని ఒక్కో వరుసా చదివి, ఊరికి పంపగలిగేది ఎంతో, మీ గదికి, తిండికి ఉంచుకునేది ఎంతో అదే కాగితం వెనకాల రాసివ్వండి.