ఫోన్ తీసేముందు అంచనా రాయించండి

నంద్యాల ఇంజనీరింగ్ కాలేజీల్లో కొత్తగా చేరిన లెక్చరర్లకు ఒక మాట. ఫస్టియర్‌లో చెప్పింది థర్డియర్‌కి వచ్చేసరికి పిల్లలకు గుర్తుండదని స్టాఫ్‌రూమ్‌లో రోజూ అనుకుంటాం. దానికి ఫోన్‌ను తిట్టి లాభం లేదు. మొదటి మిడ్ సిలబస్ రెండో మిడ్‌లో అడగం, సెమిస్టర్ దాటితే ఇక ఎవరూ అడగరు. అడగనిది గుర్తుండదు. నెట్ లేని రోజుల్లోనూ అంతే. ఇప్పుడు చేతిలో ఫోన్ ఉంది కాబట్టి ఇంటర్వ్యూలో కూర్చునేదాకా ఆ లోటు వాళ్లకు తెలియడం లేదు.

అన్నీ బట్టీ పట్టించొద్దు. కేబుల్ సైజుల టేబుల్, కోడ్ నంబర్లు నెట్‌లో చూసుకోవచ్చు. నెట్ ఇచ్చిన జవాబు తప్పయితే పట్టుకోగలిగేంత సరుకు మాత్రం తలలో ఉండాలి. పొలంలో 10 హెచ్‌పీ మోనోబ్లాక్ మోటారు ఉందనుకోండి. త్రీఫేజ్, 415 వోల్టులు. ఆన్‌లైన్ కాలిక్యులేటర్‌లో పొరపాటున సింగిల్ ఫేజ్, 230 కొడితే సుమారు 43 ఆంపియర్లు చూపిస్తుంది. హెచ్‌పీకి దాదాపు 1.4 ఆంపియర్లని తెలిసినవాడు ‘14 రావాలి కదా’ అని ఆగుతాడు. తెలియనివాడు ఓవర్‌లోడ్ రిలేను 43కి పెట్టేస్తాడు. ఒక ఫేజు పోయిన రోజు మిగతా రెండింటిలో కరెంటు 24 దాకా పెరిగినా రిలే ట్రిప్ అవదు. వైండింగ్ కాలిపోతుంది, ఖర్చు రైతు మీద పడుతుంది.

ఆళ్లగడ్డ శిల్పుల పనిలోనూ ఇదే చూడొచ్చు. నవతాళ విగ్రహం ఎత్తు తొమ్మిది తాళాలు, తాళానికి 12 భాగాలు, మొత్తం 108. ముఖం ఒక తాళం. ఈ లెక్క ఒంటబట్టినవాడికి రాయి మీద గీత తప్పితే చూడగానే తెలుస్తుంది.

మీ క్లాసులో ఐదు నిమిషాలు దీనికి కేటాయించండి. పుస్తకం, ఫోన్ పక్కన పెట్టించి మూడు ప్రశ్నలు ఇవ్వండి: నిన్నటిది ఒకటి, పోయిన నెలది ఒకటి, ఫస్టియర్‌ది ఒకటి. చదివితేనే బాగా వస్తోందని పిల్లలు వాదిస్తారు. 2006లో మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికీ చేసిన ప్రయోగంలో, టెస్టు రాసినవాళ్లకంటే మళ్లీ చదివినవాళ్లకు ఐదు నిమిషాల తర్వాత ఎక్కువ గుర్తుంది. వారం తర్వాత చూస్తే మాత్రం టెస్టు రాసినవాళ్లదే పైచేయి. ఇంటర్వ్యూ చదివిన ఐదు నిమిషాలకే రాదు కదా.

దీనికి మార్కులు పెట్టొద్దు, పెట్టారంటే కాపీ మొదలవుతుంది. ఫస్ట్ పీరియడ్ మొదట్లోనే పెడితే ఆళ్లగడ్డ వైపు నుంచి 40 కిలోమీటర్లు బస్సులో వచ్చేవాళ్లకు రోజూ తప్పిపోతుంది. పది నిమిషాలు ఆగండి. తెలుగు మీడియం పిల్లల్ని తెలుగులోనే రాయనివ్వండి, భాష సంగతి తర్వాత చూసుకోవచ్చు. సిలబస్ అవలేదని హెచ్‌ఓడీ అడుగుతారు, అది తప్పదు. మిడ్ ముందు పెట్టే రివిజన్ క్లాసు మానేస్తే ఆ టైము కొంత తిరిగి వస్తుంది.

ల్యాబ్‌లో కూడా ముందు అంచనా నోట్‌బుక్‌లో రాయించి, ఆ తర్వాతే ఫోన్ తీయనివ్వండి. రెండింటికీ తేడా వచ్చినవాణ్ని బోర్డు దగ్గరికి పిలిచి, ఎక్కడ తప్పిందో వాడి చేతే చెప్పించండి.