సంతకమే బ్రాండ్ అయింది

ప్రశ్న: మాది సీతారామపురం. డిగ్రీ పూర్తయింది. టీషర్టుల బ్రాండ్ పెట్టాలని ఉంది. విజయ్ దేవరకొండలాంటి పేరు లేనివాళ్లకు అది సాధ్యమేనా?

జవాబు: సాధ్యమే. విజయ్ దుస్తుల బ్రాండ్ రౌడీ వేర్ 2018లో వచ్చేనాటికే ఆయన అభిమానులను ‘రౌడీలు’ అని పిలుస్తున్నారు. అంటే కొనేవాళ్లు ముందే సిద్ధంగా ఉన్నారు. అలాంటి పేరు లేని మీకు పనికొచ్చేది స్టూసీ బ్రాండ్ పెట్టిన షాన్ స్టూసీ కథ. కాలిఫోర్నియాలో ఆయన అలల మీద సవారీకి సర్ఫ్ బోర్డులు చేసేవాడు. వాటిమీద గీసే తన సంతకాన్నే 1980ల మొదట్లో టీషర్టుల మీద అచ్చువేసి అమ్మాడు. 1984లో అకౌంటెంట్ అయిన స్నేహితుడు భాగస్వామిగా చేరాక వ్యాపారం పుంజుకుంది. 

ఆ సంతకం స్టూసీ చేతి పనిలోంచి వచ్చింది. అందుకే ఇతరుల డిజైన్లను అనుకరించవద్దని నా గట్టి సలహా. మీ పక్కనే ఉదయగిరి ఉంది. అక్కడి చెక్క గరిటెలకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఆ చెక్కడాల నుంచి డిజైన్ తీసుకుంటే కళాకారులను అడిగి, వాళ్లకు వాటా ఇచ్చి తీసుకోండి.

బట్ట తిరుప్పూరు నుంచి తెప్పించండి. బట్ట బరువు 180 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాములు)కు తగ్గితే పలచన. మొదట కొద్దిగానే కుట్టించి, ఉతికి చూశాకే అమ్మండి. పేరును ట్రేడ్‌మార్క్‌గా, దుస్తులకు చెందిన 25వ తరగతిలో నమోదు చేయించండి. వ్యక్తులకు ఆన్‌లైన్ రుసుము రూ.4,500.